ఉడకని పప్పు

నల్లా ఐదున్నరకు వస్తుంది, ఆరున్నరకు పోతుంది. ఆ గంటలోనే కౌసల్య పని తెమలాలి. పెరట్లోని నల్లాకు పచ్చ పైపు తొడిగి, ఇనుప తీగతో రెండు చుట్లు బిగించి, రెండో కొసను గోడవతల మంచినీళ్ళ ప్లాంటు గదిలోకి ఈడ్చుకుపోయింది. స్టీలు ట్యాంకు మూత లేపి పైపును లోపలికి వదిలింది. ఐదువందల లీటర్ల ట్యాంకు. నిన్న పొద్దున పట్టిన నీళ్ళతో సగం నిండింది. మిగతా సగం ఇవాళ నిండాలి. నిండకపోతే కొంప మునిగినట్టే.

పదింటికి ధర కట్టే సారు వస్తాడు.

ముందు రేకుల కింద మంచంలోంచి మొగుడు సైదులు గొంతు వినిపించింది. "ఏం జేస్తున్నవే గంత పొద్దుగాల?"

"క్యాన్లు కడుగుతున్న. సారొస్తడు గద."

"మంచిగ కడుగు. అడుగున పాకురు ఉండొద్దు. సూసేటోళ్ళు ముందుగాల గదే సూస్తరు."

"అట్లనే."

అబద్ధమాడితే ఒకప్పుడు ఆమె మాట తడబడేది. ఇప్పుడు అదీ లేదు. ఏడు నెలల్లో ఎంత సాఫీగా వచ్చేస్తున్నాయి అబద్ధాలు! తన నోటిని చూసి తనకే భయమేసింది.

దసరా వెళ్ళిన నాలుగో రోజున ప్లాంటులో మెంబ్రేన్ పాడైంది. మర్రిగూడ మండలంలో ఎక్కడ బోరు వేసినా పడేవి ఫ్లోరైడు నీళ్ళే. ఆ విషాన్నీ ఉప్పునూ పట్టి ఆపే పొర అది. అది లేని ప్లాంటు ఉత్త జల్లెడ. సరిగ్గా ఆ వారమే సైదులుకు కాళ్ళు తిమ్మిరెక్కి, హైదరాబాదు దవాఖానలో ఇరవై రోజులు పడి ఉన్నాడు. పత్తి పైసలు రాగానే కొత్తది వేయిద్దామనుకుంది. పత్తి అమ్మారు, పైసలు దవాఖానకే సరిపోయాయి. ఇంతలో ఊరికి నీళ్ళు ఆపడమెట్లా? ఆపితే ఎందుకాపావంటారు. రెండు రోజులకే కదా అని పక్కదారి వాల్వు తిప్పింది. ఇసుక గొట్టం, బొగ్గు గొట్టం దాటి బోరు నీళ్ళు నేరుగా క్యాన్లలోకి వచ్చాయి, తేటగా. ఎవరో ఒకరు అడుగుతారనుకుంది. రుచి జర మారిందని ఒకరిద్దరు అన్నారంతే. వారం తిరిగేసరికి నాలుకలు అలవాటు పడ్డాయి. రెండు రోజులు ఏడు నెలలయ్యాయి.

ఇంట్లో కుండలో మాత్రం నల్లా నీళ్ళే, ఏటి నుంచి సర్కారు శుద్ధి చేసి పంపే, ఫ్లోరైడు లేని నీళ్ళు. సైదులు లేవకముందే పట్టి, మందు వాసన పోయేదాకా మూతికి గుడ్డ కట్టి ఉంచేది. ఆయన వాటిని ప్లాంటు నీళ్ళనుకునే తాగేవాడు. ఊరంతా నల్లా నీళ్ళను బట్టలకూ బర్రెలకూ వాడి, తాగడానికీ వండడానికీ సైదులు క్యాన్లు కొనుక్కుంటుంటే, సైదులు ఇంట్లో తాగేవి నల్లా నీళ్ళు! తలుచుకున్న పూట కౌసల్యకు ముద్ద దిగేది కాదు.

ప్లాంటు అమ్ముడుపోకపోతే పోనీ. తుక్కు కింద పోయినా పోనీ. ఆయనకు తెలియకూడదు. ఆమె తండ్లాటంతా అదొక్కటే.

పదకొండేళ్ళ కింద, ఫ్లోరైడుకు మెడ బిగుసుకుపోయి పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిరగాల్సి వచ్చిన రోజుల్లో పెట్టాడు సైదులు ఆ ప్లాంటును. "నా నడుము వంగింది వంగింది. ఇంకోని నడుము వంగొద్దు" అని ఊళ్ళో చెప్పి మరీ పెట్టాడు. మంచాన పడ్డాక ఇక నడపలేనని అమ్మకానికి పెడితే, మొన్న దేవరకొండ నుంచి కొనేందుకొచ్చిన పెద్దమనిషి ఒక్కసారి చుట్టూ చూసి, "తుక్కు కింద తీస్కుంట" అన్నాడు. సైదులు రెండు రోజులు అన్నం తినలేదు. "నా ప్లాంటు తుక్కా? సదువుకున్నోన్ని పిలుస్త. ఆయన కాగితం మీద ఎంత రాస్తె గంతకే అమ్ముత" అన్నాడు. నల్లగొండకు తనే ఫోను చేయించి సారును మాట్లాడుకున్నాడు. సగం ఫీజు ముందే పంపాడు. కౌసల్య వద్దనలేకపోయింది. ఏమని వద్దంటుంది?

ఆరున్నరకు నల్లా బుసబుసలాడి ఆగింది. ట్యాంకు అంచుకు బెత్తెడు తక్కువగా నిండింది. పైపు చుట్టి బొంతల కింద దాచింది.

పరమేశ్వర్ సారు బస్సు దిగి, ఎండకు నెత్తిన రుమాలు వేసుకొని నడిచొచ్చాడు. యాభై అయిదేళ్ళ మనిషి. దుకాణాలు, రైసు మిల్లులు, ప్రెస్సులు — వాటాలు పంచుకునే అన్నదమ్ములకో అమ్ముకునేవాళ్ళకో వాటి ధర కట్టి ఇవ్వడం ఆయన పని. సంచిలోంచి టేపు, లావు నోటుబుక్కు, నీళ్ళలో కరిగిన ఉప్పును కొలిచే పెన్ను లాంటి మీటరు తీసి బల్ల మీద వరసగా పెట్టుకున్నాడు. చాయ్ ఇస్తే "పనయినంక" అన్నాడు.

ప్లాంటు ఆటో నడిపే సతీశ్, సైదులును ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తుకొచ్చి ప్లాంటు గదిలో కూర్చోబెట్టాడు. సైదులుకు ఉతికిన అంగీ తొడిగింది కౌసల్య. గుండీలు పెట్టుకోవడం ఆయన వేళ్ళకు చేతకాదు. సారు ఎటు కదిలితే అటు చూడాలని కుర్చీలో మొండెమంతా తిప్పుకుంటూ ఒక్కొక్కటే చెప్పాడు. ఇసుక గొట్టం ఎప్పటిది, మోటరు ఎక్కడ కొన్నది, మెంబ్రేన్ రెండేళ్ళ కింద ఎట్లా మార్పించింది. సారు గొట్టాలను వేలితో తట్టి చూశాడు. క్యాన్లు లెక్కపెట్టి, పగిలినవి పక్కకు తీయించాడు. మోటరు ఒకసారి వేయమని విన్నాడు.

"దసర సంది చప్పుడు జర పల్చగైంది సారూ" అన్నాడు సైదులు. "వోల్టేజి తక్కువున్నదంటది ఈమె."

సారు రాసుకున్నాడు. కౌసల్య చీపురు తీసుకొని తడి లేని చోట ఊడ్చింది.

"ఒక గ్లాసుల బోరు నీళ్ళు, ఒక గ్లాసుల ట్యాంకు నీళ్ళు ఇయ్యమ్మా."

ఇచ్చింది. సారు బోరు నీళ్ళలో మీటరు ముంచాడు. పద్నాలుగు వందల ఇరవై. కడిగి, ట్యాంకు నీళ్ళలో ముంచాడు. రెండువందల పది.

"సూసిండ్రా!" సైదులు చిన్నపిల్లాడిలా నవ్వాడు. "పద్నాలుగు వందల నుంచి రెండువందలకు. గదీ నా ప్లాంటంటే! ఆ దేవరకొండాయన ఇది సూడనే లేదు సారూ. తుక్కు అన్నడు."

సారు ట్యాంకు నీళ్ళ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత గటగటా తాగి గ్లాసు బోర్లించాడు. కౌసల్య గబుక్కున ఆ గ్లాసు తీసి కడిగేసింది.

"ఇనుముకు ధర కట్టుడు అలక పని అన్నా. తూకమేస్తే అయిపాయె" అన్నాడు సారు, నోటుబుక్కు మూస్తూ. "పేరుకు కట్టుడే కష్టం."

"పేరుకు గూడ ధర ఉంటదా సారూ?"

"ఒకోపారి అన్నిట్ల కంటె దానికే ఎక్కువుంటది. రేపు ఆటోల వస్త. మీ నీళ్ళు తాగేటోళ్ళ ఇండ్లు తిరుగుత."

సైదులు కళ్ళు నీళ్ళతో మెరిశాయి. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

మర్నాడు పొద్దున ఆటో వెనక క్యాన్ల మధ్య కౌసల్య, సతీశ్ పక్కన సారు. సతీశ్ మైకు పెట్టాడు. పదకొండేళ్ళ కింద, ఇంకా తన కాళ్ళ మీద నిలబడగలిగిన రోజుల్లో సైదులు రికార్డు చేయించిన గొంతు గల్లీలో మోగింది. "రాండ్రమ్మా రాండ్రి! మంచినీళ్ళు! ఎముకలకు బలం, పండ్లకు తెల్లదనం! మన ఊరి నీళ్ళు, మన సైదులు నీళ్ళు!" ఎవరూ గడియారం చూడరు. ఆ గొంతు వింటే ఏడున్నర అయిందని ఖాళీ క్యాన్లు గడపల్లోకి తెచ్చి పెడతారు.

మొదటి ఇల్లు గుర్వమ్మది. డెబ్బై ఏళ్ళది, నోరు మంచిది.

"నీళ్ళు ఎట్లుంటయమ్మా?" అడిగాడు సారు.

"నీళ్ళకేమయ్యా, పాలు! సైదులు నీళ్ళు తాగవట్టినంకనే నా మోకాళ్ళ నొప్పి తగ్గింది. ఊరంతా చెప్తున్న గదే మాట."

"నల్లా వస్తది గద?"

"ఆ మందు వాసన నీళ్ళా? బర్రె గూడ మూతి తిప్పుతది."

"ఇంకేం తక్లీబు లేదు గద?"

"నీళ్ళకు లేదు. పప్పే సతాయిస్తాంది. పొద్దుగాల పొయ్యి మీద పెడితె పొద్దుగూకినా ఉడకది. ఆ హనుమమ్మ ఏ కాలం నాటి పప్పు తెచ్చి పోసిందో, ఆమె దుకానం మన్నువడ! నేనైతే పోయి ఆమె గడపలనే మర్లవోసి వచ్చిన. మర్రిగూడ అంగట్ల కొనుక్కొచ్చినా గంతేనాయె. ఆమె తెచ్చిన షావుకారి దగ్గరనే ఆళ్ళు గూడ తెస్తరంట."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే కౌసల్య కొంగుతో మొహం తుడుచుకుంది.

రెండో ఇంట్లోనూ అదే మాట. నాలుగో ఇంట్లో సావిత్రమ్మ అయితే గిన్నె తెచ్చి చూపించింది, నీళ్ళు ఒకపక్క, పలుకులు ఒకపక్క. "ఆరు కూతలు పెట్టిన సారూ కుక్కర్ల. మందులు గొట్టి గొట్టి పంటలే పాడైనయి. దాన్ని తెచ్చి అమ్మినదాన్ని అనాలె." ఈ నేలలో ఇంటికొచ్చిన ఆడపిల్లకు అత్తలు మొదట నేర్పే విద్య, నీళ్ళు మంచివో కావో గుప్పెడు కందిపప్పు ఉడికించి చూడమని. ప్లాంటు వచ్చాక ఆ విద్య ఎవరికీ అక్కర లేకపోయింది. నీళ్ళకు ఇక పరీక్ష లేదనుకున్నారు. అందుకని పప్పునే పట్టుకున్నారు.

సారు ప్రతి ఇంటి ముందూ రాసుకున్నాడు. "చెల్లె, చానా ఊర్లు తిరిగిన. గిసొంటి పేరు యాడ సూడలే" అన్నాడు. "పప్పును అన్నరు, దుకానమును అన్నరు, పంటను అన్నరు. నీళ్ళను ఒక్కలు గూడ అనలే."

కౌసల్య ఖాళీ క్యాన్లను అటువి ఇటు, ఇటువి అటు సర్దింది.

ఊళ్ళో ఉన్నది ఒక్కటే కిరాణా. మొగుడు పోయినప్పటి నుంచి హనుమమ్మ ఇంటి ముందరి అర్రలో నడుపుతోంది. గడప మీద కూర్చొని చాటలో పప్పు చెరుగుతోంది, తన పప్పునే. రాళ్ళు లేవు, పుచ్చు లేదు. ఏం వెతుకుతోందో ఆమెకే తెలియాలి. ఆటో ఆపించి సారు దిగాడు.

"కందిపప్పు కిలో ఇయ్యమ్మా."

ఎకసెక్కమేమోనని ఆమె ఆయన మొహంలోకి చూసింది. కాదనిపించాక లేచి తూకం వేసింది. పైన ఇంకో పిడికెడు పోసింది. సంచి చేతికిచ్చి కూడా కొసను వదల్లేదు.

"మర్లగొట్టొద్దు సారూ. ఉడకకపోతే పారబొయ్యండ్రి గని మర్లగొట్టొద్దు. ఇగ నాతోని గాదు."

కౌసల్య ఆటో దిగలేదు. హనుమమ్మ ఆమెను చూసి "బాగున్నవా కౌసల్యా? ఆయనకెట్లున్నది?" అని అడిగింది. దసరా తర్వాత సైదులు దవాఖానలో ఉండి, కౌసల్య అక్కడికీ ఇక్కడికీ తిరిగినన్ని రోజులూ ఇంటికి దీపం పెట్టింది, బర్రెకు మేత వేసింది ఆమే. "బాగనే ఉన్నడక్కా" అంది కౌసల్య, మోకాళ్ళ వైపు చూస్తూ.

సారు సంచిని ఆమె ఒళ్ళో పెట్టాడు. "మధ్యాన్నం ఇదే వండు చెల్లె. ఊరంతా ఒక్క పప్పును ఆడిపోసుకుంటుండ్రు. సంగతేందో సూద్దాం."

వంటింట్లో కౌసల్య రెండు గ్లాసుల పప్పు కడిగి, గిన్నె పొయ్యి మీద పెట్టి నిలబడిపోయింది. కుడి పక్కన కుండ, గుడ్డ కట్టి ఉంది. ఎడమ పక్కన గోడవారగా పోయిన వారం నింపి మిగిలిన క్యాను. కుండలో నీళ్ళు పోస్తే పప్పు మెత్తగా ఉడుకుతుంది. ఊళ్ళో ఉడకనిది మీ ఇంట్లో ఎట్లా ఉడికిందని సారు అడుగుతాడు. పక్కనే కూర్చొని సైదులు వింటాడు. క్యాను నీళ్ళు పోస్తే ఉడకదు. హనుమక్క పప్పే చెడ్డదని సారు రాసుకొని పోతాడు. ఎవరూ ఇంకేమీ అడగరు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అడుసులో నడుము దాకా దిగినవాళ్ళకు ఏ సామెతా పనికిరాదు. ఆమె క్యాను వంచింది.

గంటసేపు పొయ్యి మీద ఉంచి దింపింది. చింతపులుసు పోసింది, పోపు పెట్టింది, ఎంత కలిపినా గరిటెకు పలుకులు తగులుతూనే ఉన్నాయి. సైదులుకు తనే కలిపి ముద్ద నోట్లో పెట్టింది. ఆయన నమిలాడు. దవడ ఆగింది.

"ఇదేందే? మనింట్ల పప్పు రోజూ ఎన్న లెక్క ఉంటది గద?"

"హనుమక్క దుకానంల పప్పు. సారు కొన్నడు."

"ఓ! గదా సంగతి!" సైదులు సారు వైపు ఒళ్ళంతా తిప్పుకున్నాడు. "సూసిండ్రా సారూ? గిసొంటి పప్పు పెడితె మా నీళ్ళేం జేస్తయి? పాపం, మంచి మనిషే గని యాపారం తెల్వది. దుకానం బంద్ జేసుకోమని ఎవరన్న చెప్పాలె."

సారు నెమ్మదిగా నమిలి తిన్నాడు. పళ్ళెంలో మెతుకు వదలకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు, "ఈ చెంబుల నీళ్ళు గూడ ప్లాంటుయేనా చెల్లె?"

"ఆఁ, ప్లాంటుయే."

తలూపాడు. శుక్రవారం కాగితాలు తెస్తానని బస్సుకు వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే సతీశ్ ఖాళీ క్యాన్లు దించుతూ చెప్పాడు. "ఎరుకనా వదినె? హనుమక్క పప్పు బస్తాలు నిన్న పాలకేంద్రమాయనకు ఇచ్చేసింది, దాణా కింద. దుకానం ఎత్తేస్తదంట. ఐతారం నాడు కట్టంగూర్ల తమ్ముని ఇంటికి పోతదంట."

"పోయి ఏం జేస్తది?"

"ఏం జేస్తది? మరదలు పెట్టింది తిని ఓ మూలకు ఉంటది."

కౌసల్య చేతిలో క్యాను కడిగే బ్రష్షు ఉంది. కడిగిన క్యానునే మళ్ళీ కడిగింది. దాన్నే మూడోసారి కడిగింది. తర్వాత బ్రష్షు బకెట్లో పడేసి ఇంట్లోకి నడిచింది. సారు కొన్న పప్పు సంచి విప్పింది. రెండు పొయ్యిలూ వెలిగించింది. రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో క్యాను నీళ్ళు, ఒకదాంట్లో కుండ నీళ్ళు.

సారు వచ్చేసరికి పదకొండు దాటింది. మంచం పక్కన స్టూలు వేసుకొని, టైపు చేసిన కాగితాలు సైదులుకు వినిపించాడు. మిషన్లు, షెడ్డు, ఆటో, క్యాన్లు. ఇనుము ధర దేవరకొండ ఆయన చెప్పినదానికి మరీ దూరంగా ఏం లేదు. కింద ఇంకో గడి ఉంది. అందులో 'పేరు, ఖాతాదారుల నమ్మకం' అని ఉంది. దానికి రాసిన ధర పైవన్నీ కలిపినదానికి రెండింతలు.

సైదులు వంకర వేళ్ళతో ఆ గడిని తడిమాడు. "కౌసల్యా! ఇన్నవానే? మన పేరుకట!"

"ఇగ ఇక్కడ దస్కతు చెయ్యాలె అన్నా" అన్నాడు సారు. "మిషన్లన్నీ సక్కగ పనిచేస్తున్నయని, నేను చూసిన నీళ్ళు ఈ ప్లాంటుయేనని ఓనరు ఒప్పుకున్నట్టు." ఆ మాట సైదులుతో అన్నాడు గానీ చూపు వంటింటి గడప మీదే ఉంది.

"దాందేమున్నది! పెన్నియ్యండ్రి. ఏమే, అన్నీ సక్కగనే ఉన్నయి గద?"

కౌసల్య రెండు గిన్నెలు తెచ్చి ఆయన ముందు స్టూలు మీద పెట్టింది. ఉప్పు లేదు, పోపు లేదు.

"ఇదేందే గిప్పుడు?"

"తిను."

మొదటి గిన్నెలోంచి చెంచాతో పెట్టింది. పటుక్కుమంది పలుకు. రెండో గిన్నెలోంచి పెట్టింది. అది నాలుక మీదనే కరిగిపోయింది.

"రెండూ హనుమక్క పప్పే" అంది. "ఒకటి మనం ఊరికి పోస్తున్న నీళ్ళు. ఒకటి నీకు పోస్తున్న నీళ్ళు. నీకు పోసేటియి నల్లాయి."

సైదులు నోట్లోది మింగలేదు, ఉమ్మలేదు. సారు పెన్ను మూత పెట్టాడు.

"ఎప్పటి సంది?"

"దసర సంది. మెంబ్రేన్ పోయింది. నువ్వు దవాఖానల ఉన్నవు. పైసలొస్తె ఏపిద్దామనుకున్న... అనుకున్న, అంతే."

"గుర్వమ్మ ఇంట్ల గూడ?"

"అందరిండ్లల్ల."

"మొన్న సారుకు సూపిన ట్యాంకు నీళ్ళు?"

"నల్లాయే."

సైదులు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరవకుండానే అన్నాడు. "నా నడుమును ఇంటింటికి పంచి వచ్చినవు గదనే. డెబ్బై ఇండ్లకు పంచినవు. నా గొంతుతోటి పిలిచి మరీ పంచినవు."

ఆమె ఏడ్వలేదు. ఏడ్చే హక్కు కూడా లేదనిపించింది.

"చప్పుడు మారిన్నాడే నాకు అనుమానమొచ్చింది" అన్నాడు మళ్ళీ. "వోల్టేజి అన్నవు. ఇంకోపారి అడిగితె ఏం చెప్తవో అని అడగలే. పాపంల నాకూ పాలున్నది. కౌసల్యా, నన్ను జర ఆ గోడ పక్కకు తిప్పు."

మెడ తిరగని మనిషి. మొహం చాటు చేసుకోవాలన్నా ఆమె చేతులే కావాలి. కౌసల్య మంచం మీద మోకాలు ఆనించి, ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుము కింద పెట్టి, ఆయన్ను తన నుంచి అవతలికి తిప్పింది. తలగడ సర్దింది. గోడ వైపు తిరిగాక ఆయన వీపు కదలడం మొదలైంది.

సారు కాగితాలు సర్దుకొని గుమ్మం దాకా వచ్చాడు. "మొదటి రోజే గ్లాసుల మందు వాసనొచ్చింది చెల్లె" అన్నాడు మెల్లగా. "నాకు చెప్పిన పని ధర కట్టుడు అనుకున్న. అడగలే."

"సారూ, పోకుండ్రి." సైదులు గోడతోనే మాట్లాడాడు. "ఆ పేరు గడి కొట్టెయ్యండ్రి. ఇనుము ధర ఉంచుండ్రి. దాని మీద దస్కతు చేస్త. మీ మిగిలిన ఫీజు తీస్కపోండ్రి, మీరు మీ పని చేసిండ్రు. కౌసల్యా, సతీశ్ ను పిలువు. ఫోను తెమ్మను."

సారు ఆ గడికి అడ్డంగా గీత కొట్టాడు. ఫీజు వద్దంటే సైదులుకు ఇంకా నామోషీ అని తీసుకున్నాడు.

శనివారం ఏడున్నరకు ఆటో బయల్దేరింది. వెనక క్యాన్లు లేవు, కౌసల్య ఒక్కతే కూర్చుంది. ఒళ్ళో మిగిలిన పప్పు సంచి. సతీశ్ మైకు పెట్టాడు. కొత్త గొంతు. నడుమ నడుమ ఎగపోస్తోంది.

"నేను సైదులును. దసర సంది మన ప్లాంటు నీళ్ళు మంచియి గావు. ఉత్త బోరు నీళ్ళు పోసినం. ఇంట్ల ఉన్నయి పారబొయ్యండ్రి. నల్లా నీళ్ళు తాగుండ్రి. హనుమమ్మ పప్పుది తప్పు లేదు. తప్పు మాది."

మాది అన్నాడు. రాత్రి సతీశ్ ఫోనులో రికార్డు చేస్తుంటే, "ఆమెది" అంటాడేమోనని కౌసల్య తలుపు వెనక నిలబడి విన్నది. "మాది" అన్నాడు. నిన్నటి నుంచి ఆమెతో ఆయన మాట్లాడింది లేదు గానీ ఆ ఒక్క మాటా ఆమె లోపల అట్లాగే ఉంది.

అలవాటు కొద్దీ క్యాన్లతో గడపల్లోకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగిపోయారు. రెండోసారి విన్నాక గుర్వమ్మ లోపలికి పోయి సగమున్న క్యాను ఈడ్చుకొచ్చింది. మోరీ అంచున వంచింది. గుడగుడమంటూ నీళ్ళన్నీ పోయేదాకా వంగి పట్టుకుంది. నడుము మీద చెయ్యి వేసుకొని లేచింది.

"నొప్పి తగ్గిందని ఊరంతా చెప్పిన గదనే" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

హనుమమ్మ దుకాణం ముందు ఆటో ఆగింది. వెనకే నడిచొచ్చిన ఆడవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. అర్రలో అల్మారాలు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ గోతాలు గోడ మీద ఆరేసి ఉన్నాయి. హనుమమ్మ బయటికొచ్చి, మైకు మాట మొదటి నుంచి చివరిదాకా విన్నది. కౌసల్య దిగి ఎదురుగా నిలబడింది. "అక్కా" అంది.

"బంద్ చెయ్యి తమ్మీ. ఇన్నరు" అంది హనుమమ్మ సతీశ్ తో. తర్వాత కౌసల్య చేతిలోని సంచి వైపు చూసింది. "గది సారు కొన్న పప్పేనా?"

"ఆఁ. ఇంత మిగిలింది."

సంచి తీసుకుంది. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి వెలిగించింది. లోపల బిందెలోంచి నల్లా నీళ్ళు తెచ్చి పోసి, పప్పు వేసి, పక్కన కూర్చుంది. ఎవరూ కదల్లేదు. పొంగు వచ్చినప్పుడు మూత పక్కకు జరిపింది. ఎండ వాకిట్లోకి వచ్చింది. ఎవరూ నీడకు పోలేదు.

ఉడికాక గరిటెతో ఒక పలుకు తీసింది. ఊది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కింది. మెత్తగా మెదిగిపోయింది. ఆ రెండు వేళ్ళూ గుర్వమ్మ మొహం ముందు పెట్టింది. సావిత్రమ్మ ముందు పెట్టింది. ఒక్కొక్కరి ముందూ ఆగి, వాళ్ళు చూసేదాకా ఉండి, పక్కవాళ్ళ దగ్గరికి జరిగింది. కొందరు తలలు వంచుకున్నారు. కడకు కౌసల్య దగ్గరికి వచ్చింది. కౌసల్య తల వంచుకోలేదు. చూసింది.

"నువ్వైతే ఎరిగి ఊకున్నవు" అంది హనుమమ్మ.

వేళ్ళను కొంగుకు తుడుచుకొని, పొయ్యిలో నీళ్ళు చల్లి, లోపలికి పోయింది. తట్టాబుట్టా సర్దుతున్న చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆమె ఐతారం ప్రయాణం ఆగలేదు.

ఆడవాళ్ళు ఒకరొకరే వెళ్ళిపోయారు. కౌసల్య ఆటో ఎక్కింది. సతీశ్ బండి స్టార్టు చేసి వెనక్కి తిరిగాడు.

"వదినె, ఇంటికి పోదామా?"

"మైకు పెట్టు" అంది కౌసల్య. "ఇంక నాలుగు గల్లీలున్నయి."